ఖాళీ లేని చెయ్యి

బోర్డు మీద ఆ బడి పేరు రెండు వరసల పొడుగుంటుంది. ఆ పేరు చెబితే భీమిలి రోడ్డులో ఏ ఆటోవాడికీ తెలియదు. 'అరుపుల బడి' అంటే మాత్రం తిన్నగా గేటు ముందు దింపుతాడు.

ఊరు పెట్టిన పేరులో అబద్ధమేమీ లేదు. మావల్ల కాదని మామూలు బళ్ళు చేతులెత్తేసిన పిల్లలు అక్కడికొస్తారు. కోపం వస్తే తల గోడకేసి కొట్టుకునేవాళ్ళు, ప్రెషర్ కుక్కర్ కూత వినిపిస్తే బల్లకింద దూరేవాళ్ళు, అమ్మ గేటు దాటితే ఊపిరాడక నీలమయ్యేవాళ్ళు. అక్కడ లెక్కలూ తెలుగూ తర్వాతి మాట. ముందు నేర్పేది, లోపల ఏమవుతోందో నోటితో చెప్పడం. రోజూ పొద్దున్నే గుండ్రంగా కూర్చుని, తమ లోపలి వాతావరణం ఎలా ఉందో ఒక్కొక్కరూ చెప్పాలి. ఎండ, మబ్బు, గాలివాన, ఏదైనా సరే. గాలివాన అన్నవాణ్ణి ఆ పూట ఎవరూ కదిలించరు. పిల్లలకి తుపాను హెచ్చరిక ఇవ్వడం నేర్పితే సగం నష్టం తప్పుతుందని ఆ బడి నమ్మకం.

ఆ గుండ్రానికి టీచరు హైమవతి. కొడుకు కోసమే ఆవిడ అక్కడ టీచరయింది. సాకేత్‌కి తొమ్మిదేళ్ళు. మూడు బళ్ళు వాడి టీసీ ఆవిడ చేతిలో పెట్టి దండం పెట్టాయి. వాడి తండ్రి కూడా అదే దండం పెట్టి రాయపూర్‌లో ఉద్యోగం చూసుకున్నాడు. ఇంట్లో గాజన్నది లేదు. చుట్టాలొస్తే నిమ్మరసం స్టీలు గ్లాసుల్లోనే. వీడు ఒక్క పూట నెమ్మదిగా ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదని ఆవిడ రోజుకోసారైనా పైకే అనేది. పైన తథాస్తు దేవతలుంటారు, నోరు జాగ్రత్త అని ఆవిడ తల్లి చిన్నప్పట్నుంచీ చెబుతూనే ఉంది. చెబితే వినేదెవరు.

బడి పెట్టిన పెద్దాయన డాక్టర్ పరాంకుశం. మెదడు వైద్యుడు, మంచివాడు. మంచివాడని ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు. పాత సామాన్ల గదిని ప్రయోగశాల చేసుకుని ఆయన ఏళ్ళ తరబడి ఒక పట్టీ మీద పని చేశాడు. గడియారంలా మణికట్టుకి కట్టుకునే మెత్తని పట్టీ. అది ఒకరి ఒంట్లోని నెమ్మదిని చదివి, సన్నని చక్కిలిగింతలా మార్చి, అలాంటి పట్టీ కట్టుకున్న మిగతావాళ్ళ నరాలకి అందిస్తుంది. ఒకడు ఆవలిస్తే పక్కవాడికి ఆవలింత రావడం లేదా, ఇదీ అంతే, కాకపోతే కాస్త గట్టిగా పనిచేస్తుందని ఆయన అన్నాడు. హైమవతి అర్థం కానట్టు చూస్తే, తన క్యారియరు తెరిచి పెరుగు గిన్నె చూపించాడు.

"కడవెడు పాలకి చెంచాడు తోడు చాలమ్మా. మనకి కావలసిందల్లా ఒక్క నెమ్మదైన పిల్ల."

ఆ పిల్ల కోసం ఆయన పెట్టిన పరీక్ష చాలా తేలికైనది. పిల్లలు బొమ్మలు వేసుకుంటుంటే, ఒక్కొక్కరి వెనకా స్టీలు కంచం నేలమీద వదిలేవాడు. ఒకడు కెవ్వుమన్నాడు. ఒకమ్మాయి చెవులు మూసుకుని ఊగడం మొదలుపెట్టింది. సాకేత్ ఆ కంచమే తీసి కిటికీలోంచి విసిరేశాడు. పైడితల్లి వెనక కంచం పడి గింగిరాలు తిరిగి ఆగింది. ఆ పిల్ల తల కూడా తిప్పలేదు. ఎడంచేత్తో కొబ్బరిచెట్టు గీసుకుంటూనే ఉంది.

పైడితల్లికి పదేళ్ళు. వంశధార ఒడ్డు పిల్ల. వరదలో అమ్మా నాన్నా పోయారని గురువులు అనే మేనమామ తీసుకొచ్చి చేర్చాడు. మాట్లాడదు, అంతే. చెప్పిన చోట కూర్చుంటుంది, పెట్టింది తింటుంది. దాంతో ఏ బాధా లేదని, నోట్లో వేలు పెడితే కొరకలేదని మామ పూచీ ఇచ్చి వెళ్ళాడు. పొద్దుటి గుండ్రంలో తన వంతు వచ్చినప్పుడు ఊరుకుంటుంది కాబట్టి, ఆమె బదులు హైమవతే చెప్పేది, "మా పైడితల్లికి ఎప్పుడూ ఎండే" అని. అరిచే పిల్లల మధ్య అరవని పిల్ల ఆరోగ్యంగానే కనిపిస్తుంది. మనకి ఇంట్లోనూ బళ్ళోనూ కదలని పిల్లే బుద్ధిమంతురాలు. ఆ అలవాటు చదువుకున్నవాళ్ళనీ వదల్లేదు.

తోడు అలా దొరికింది. పైడితల్లికి ఒకటి, మిగతా పన్నెండు మంది మణికట్లకి తలా ఒకటి పట్టీలు కట్టారు. తల్లిదండ్రులకి చెప్పారా అంటే చెప్పారు, పిల్లలు కుదురుగా ఉంటారని. వాళ్ళు సంతకాలు పెట్టడానికి కలం కూడా సొంతది తెచ్చుకున్నారు.

మొదట తేడా తెలియలేదు. తర్వాత ఒక పొద్దున హైమవతి తరగతిలోకి వచ్చి, ఎవరూ రాలేదేమో అనుకుంది. అందరూ వచ్చారు. కూర్చుని ఉన్నారు. కుక్కరు కూసింది, ఎవరూ బల్లకింద దూరలేదు. ఊరివాళ్ళు కూడా అడిగారు, అరుపుల బడికి సెలవులిచ్చారా అని. ఇంట్లో సాకేత్ అన్నం తిని, పళ్ళు తోముకుని, దుప్పటి తనే కప్పుకుని పడుకున్నాడు. హైమవతి వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చింది, సంతోషంతోనే. మర్నాడు బజారుకెళ్ళి ఆరు గాజు గ్లాసులు కొనుక్కొచ్చింది, అంచుకి నీలిగీత ఉన్నవి.

పేరు పాకింది. పక్క జిల్లాల నుంచి ఇలాంటి బళ్ళవాళ్ళు వచ్చి చూసి, ముక్కున వేలేసుకుని, మాకూ ఇవ్వండని అడిగారు. పైడితల్లి నెమ్మది రోజూ ఒకేలా ఉండేది కాబట్టి దాన్ని పట్టీలోకి ఎక్కించి పంపడం తేలికైంది. పరాంకుశం గారు పైసా పుచ్చుకోలేదు. తోడు అడిగినవాళ్ళకి లేదనకూడదని వాళ్ళమ్మ చెప్పేదట. పొరుగింటి చెంచాతో ఊరంతా పెరుగు తినొచ్చని కూడా ఆవిడే అనేదట. ఏడు బళ్ళకి ఇచ్చాడు.

ఒక ఆదివారం హైమవతి దొండకాయ వేపుడు చేసింది, కొడుక్కి ప్రాణమని. వాడు ఎడంచేత్తో కలుపుకుంటున్నాడు.

"ఎడం చేత్తో తింటావేంట్రా? కుడిచెయ్యి ఏమైంది?"

వాడు తన కుడిచేతికేసి చూశాడు. అది ఒళ్ళో పిడికిలి బిగించి ఉంది. అందులో ఎవరిదో వస్తువు దాచమని ఇచ్చినట్టు చూశాడు.

"ఈ చెయ్యి ఖాళీ లేదమ్మా."

ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. విప్పడానికి చూసింది. తొమ్మిదేళ్ళ పిల్లాడి వేళ్ళు తల్లి రెండు చేతులకీ లొంగలేదు. వాడు విడిపించుకోలేదు, అరవలేదు, కరవలేదు. కొరికినా బాగుండునని ఆవిడకి ఆ క్షణంలో అనిపించింది.

మర్నాడు భోజనాల హాల్లో చూసింది. బల్లకి అటు ఆరుగురు, ఇటు ఆరుగురు. పన్నెండు ఎడంచేతులు అన్నంలో ఉన్నాయి. పన్నెండు కుడిచేతులు ఒళ్ళో ముడుచుకుని ఉన్నాయి. ఆ చివర పైడితల్లి, ఎప్పటిలాగే. ఎడంచేతి వాటం పిల్ల అని అంతా అనుకున్నారు కానీ, ఆ కుడిచెయ్యి తెరిచి ఉండగా ఎవరూ చూడలేదన్న సంగతి హైమవతికి అప్పుడు తట్టింది.

ఆమె డాక్టరుగారి గదివైపు నడుస్తుండగానే వెనక చప్పుడైంది. సాంబారు బకెట్టు తెస్తున్న మనిషి కాలు జారింది. పొగలు కక్కే సాంబారు సాకేత్ కాలి మీద పడింది. వాడు కాలు తీయలేదు. ఎర్రబడి పొంగుతున్న చర్మం వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్కవాళ్ళు కూడా అటే చూస్తున్నారు, వాన పడుతుంటే చూసినట్టు. ఆ హాల్లో అరిచిన గొంతు ఒక్కటే, అది హైమవతిది.

ఆస్పత్రిలో కాలికి కట్టు కట్టారు. చాలా ఓర్పు గల పిల్లాడని నర్సు మెచ్చుకుంది. హైమవతికి ఆ నర్సుని కొట్టాలనిపించింది.

పట్టీలు ఆ రోజే తీసేశారు. ఏమీ మారలేదు. వారం గడిచినా పిడికిళ్ళు విడలేదు. పట్టీ ఇప్పుడు మణికట్టు మీద లేదు, ఒంట్లోకి దిగిపోయింది. పొద్దుటి గుండ్రంలో వాతావరణం అడిగితే పిల్లలు ఆమె ముఖంలోకి చూస్తారు, అంతే. పన్నెండు మంది బదులూ ఆమే ఎండ అని చెప్పుకోవాలి. హైమవతి డాక్టరుగారి ముందు కూర్చుని, నా కొడుకుని నాకు తిరిగి ఇచ్చెయ్యమని అడిగింది. బళ్ళు తరిమేసిన ఆ కొడుకునే, గ్లాసులు పగలగొట్టేవాణ్ణే ఇమ్మంది.

ఆయన అప్పటికే మొదటి రోజు కొలతలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆ వారంలోనే పదేళ్ళు మీదపడ్డట్టున్నాడు. "కంచం పడ్డప్పుడు ఆ పిల్ల గుండె ఉలిక్కిపడలేదు. నెమ్మది అనుకున్నానమ్మా. పులి దగ్గరికొస్తే గడ్డిలో లేడిపిల్ల ఊపిరి బిగబట్టి పడుకుంటుంది చూడు, అది ఇది. ఈ పిల్ల ఆ ఊపిరి ఇప్పటికీ వదల్లేదు."

ఏ పులి, అని హైమవతి అడిగింది. ఆయనకి తెలియదు. ఎవరూ అడగలేదు కదా. మేనమామకి ఫోను చేసింది.

గురువులు ముందు భయపడ్డాడు, పిల్లని వెనక్కి పంపేస్తారేమోనని. "దానికేటీ బాద నేదండి. ఆ దినం నుంచి ఒక్కపాలైనా ఏడ్సింది నేదు," అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. ఆ వరద రాత్రి పిల్లలిద్దరూ పాక కప్పుమీద కొట్టుకుపోయారు. కప్పు తాటితోపులో చిక్కుకుంది. పైడితల్లి ఎడంచేత్తో తాటిమట్ట పట్టుకుంది, కుడిచేత్తో తమ్ముణ్ణి పట్టుకుంది. వాడికి ఐదేళ్ళు, పేరు సిమ్మాద్రి. తెల్లారి పడవవాళ్ళు వచ్చేసరికి మట్ట మీద ఒక్కతే ఉంది. కుడిచెయ్యి బిగుసుకుని ఉంటే చలికి అనుకున్నారు. ఇంకా అలాగే ఉందా అని గురువులు ఆశ్చర్యపోయాడు.

దారి ఒకటే ఉందని డాక్టరుగారు చెప్పాడు. పట్టీలు మళ్ళీ కట్టాలి. ఆ పిల్ల ఊపిరి వదలాలి. ఆమె వదిలితే వీళ్ళూ వదులుతారు. కాకపోతే ఆమె ఏం వదులుతుందో అదంతా పన్నెండు మందిలోంచీ వెళుతుంది. ఆ రాత్రీ, ఆ నీళ్ళూ, ఆ చెయ్యి జారడమూ. ఎవరు ఎంత తట్టుకుంటారో ఆయనకి తెలియదు. తెలిసినట్టు నటించే వయసు దాటిపోయిందన్నాడు.

హైమవతి కొడుకు కాలికున్న కట్టు తలుచుకుంది. సరేనంది.

వాళ్ళు గుండ్రంగా కూర్చున్నారు. బయట ఎండగానే ఉంది. పట్టీలు బిగించాక హైమవతి పైడితల్లి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఆ పిడికిలిని తన ఒళ్ళో పెట్టుకుంది. విప్పడానికి చూడలేదు. దానిమీద చెయ్యేసి ఉంచింది, అంతే. ఇన్నాళ్ళూ నీ బదులు నేనే ఎండ అని చెప్పాను, తప్పయిపోయింది, ఇవాళ నువ్వే చెప్పమంది. పిల్ల కిటికీ వైపు చూసింది.

"సిమ్మాద్రిని ఎంతసేపు పట్టుకున్నావమ్మా?"

ఆ పేరు వినగానే పన్నెండు మంది ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. ఆ చప్పుడు హైమవతి బతికినన్నాళ్ళూ మరచిపోదు. పైడితల్లి పెదవులు కదిలాయి. చాలాకాలం మూసిన తలుపులా గొంతు కిర్రుమంది.

"తెల్లారే వరకూ పట్టుకోమన్నాది అమ్మ."

"పట్టుకున్నావు. నీళ్ళు లాగేశాయి. నువ్వు కాదు. ఇంక వదిలెయ్, ఒగ్గీయమ్మా, వాడికి చెయ్యి నొప్పెడుతోంది."

చివరి మాట ఎందుకన్నదో ఆమెకే తెలియదు. కానీ పిల్ల తన పిడికిలి వైపు ఉలిక్కిపడి చూసింది, నిజంగానే నొప్పెడుతోందేమోనన్నట్టు. చిటికెన వేలు ముందు కదిలింది. తర్వాత మిగతావి. అరచేతిలో గోళ్ళు దిగిన గుంటలు నల్లగా నాలుగు ఉన్నాయి. అందులో ఏమీ లేదు.

ఖాళీ చెయ్యి చూసుకుని ఆ పిల్ల అరిచింది. పన్నెండు పిడికిళ్ళు విచ్చుకున్నాయి, పన్నెండు గొంతులు ఒకే గొంతుగా అరిచాయి. కిందపడ్డారు, గాల్లోకి చేతులు చాచారు, నేలమీద గచ్చుని తాటిమట్టలా పట్టుకున్నారు. హైమవతి కొడుకు దగ్గరికి పాకింది. వాడు ఆమె చీర పట్టుకుని వెక్కుతున్నాడు. విశాఖపట్నంలో పుట్టి పెరిగిన పిల్లాడు, టీవీ తెలుగు మాట్లాడేవాడు.

"నానే సెయ్యి ఒగ్గీసినానమ్మా," అన్నాడు. "సిమ్మాద్రిగాడు ఎల్లిపోనాడు."

వాడికి తమ్ముడు లేడు. ఎప్పుడూ లేడు. హైమవతి ఆ మాట చెప్పబోయి, వాడి ముఖం చూసి, వాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

సాకేత్ తిరిగొచ్చాడు. మొదటి వారంలోనే నీలిగీత గ్లాసులు నాలుగు పగిలాయి. ఆ పెంకులు ఊడ్చేటప్పుడు ఆమెకి పండగలా ఉంది. కుడిచేత్తో తింటున్నాడు, మారం చేస్తున్నాడు, గుండ్రంలో గాలివాన అని అరిచి చెబుతున్నాడు. వాన పడితే మాత్రం గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాడు. పిలిస్తే వెనక్కి రాడు. ఎవరికోసం చూస్తున్నావని ఆమె అడగదు. తెలిసినదాన్ని ఎవరైనా ఎందుకడుగుతారు. పైడితల్లి ఇప్పుడు మాట్లాడుతోంది, కొంచెం కొంచెం. రెండు చేతులతో జడ అల్లుకోవడం నేర్చుకుంటోంది. అయిపోయిందని హైమవతి అనుకుంది.

ఒక మధ్యాహ్నం పరాంకుశం గారు బడి ముందు వ్యాను ఆపించి లోపలికొచ్చాడు. తోడు తీసుకెళ్ళిన ఏడు బళ్ళ సంగతి ఆయన చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ముఖం చూడగానే ఆమెకి గుర్తొచ్చింది. అక్కడా ఎడంచేతులే. మొన్న ఒక బడిలో ఈత వచ్చిన పిల్లాడు తొట్టిలో పడి ఈదలేదట. ఎవరో చూసి తీశారు. పిడికిళ్ళు విడిన రోజు ఇక్కడ రేగిన ఏడుపుని డాక్టరుగారు పట్టీలోకి ఎక్కించి పంపి చూశాడట. పిల్లలు దాన్ని సినిమా చూసినట్టు చూస్తూ కూర్చున్నారట. బిగబట్టిన ఊపిరి అరువిస్తే అతుక్కుంది కానీ, వదిలే ఊపిరి అరువిస్తే పనిచేయడం లేదు. మనిషి ఎదురుగా కూర్చుని వదలాలి. ప్రతి బళ్ళోనూ మళ్ళీ ఆ నీళ్ళలోకి దిగాలి.

అక్కడి పిల్లల తల్లులు ఫోన్లు చేస్తున్నారని చెప్పి, తన ఫోను బల్లమీద పెట్టాడు. అది మోగుతూనే ఉంది. తీసి మాట్లాడితే ఆ తల్లి ఏమంటుందో హైమవతికి కంఠతా వచ్చు. తను అన్నదే అంటుంది.

ఆమె పైడితల్లిని పిలిచింది. పిల్ల సగం జడతో వచ్చి అంతా విన్నది. అర్థమయిందని తలూపింది. చేతులు చూసుకుంది.

"ఇంకెన్నిసార్లు ఒగ్గీమంటారండి?"

డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఈ పిల్లే రానక్కర్లేదని గొణిగాడు. ఆ రాత్రి ఇప్పుడు పన్నెండు మందిలోనూ ఉంది. వాళ్ళలో ఎవరైనా పనికొస్తారు. కొలతలు చూస్తే అందరికన్నా స్పష్టంగా ఉన్నది... అని ఆగిపోయాడు. హైమవతి ఆయన చూపు వెంట చూసింది.

గుమ్మంలో సాకేత్ నిలబడి ఉన్నాడు. చెప్పులు కూడా వేసుకున్నాడు.

"నేనెళ్తానమ్మా. పైడి ఆల్రెడీ ఒకసారి చేసింది కదా. నాకూ వచ్చు."

వాడు వ్యాను వైపు తిరిగాడు. ఆమె ఎప్పుడు లేచిందో, ఎప్పుడు వాడి దగ్గరికి వెళ్ళిందో ఆమెకి తెలియదు. బల్లమీద ఫోను ఆగి మళ్ళీ మోగింది. ఎక్కడో ఒక తల్లి, గాజు గ్లాసులు కొనుక్కున్న తల్లి. పరాయి పిల్లని ఒగ్గీయమ్మా అనడానికి తనకి నోరొచ్చింది. న్యాయమేమిటో ఆమెకి తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి కూడా లేదు.

"అమ్మా," అన్నాడు సాకేత్, విసుగ్గా కాదు, మెల్లగా, "చెయ్యి వదులు."

హైమవతి కిందికి చూసింది. కొడుకు మణికట్టు చుట్టూ తన కుడిచెయ్యి బిగుసుకుని ఉంది. వదులుదామనే చూసింది. వేళ్ళు రాలేదు.